నడుము కట్టు

ఏమే, అదేంటి నడుముకి? మోచేతులు నేలకానించి బల్లలా నిలబడ్డావు, సరే. పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నాను. ఫోన్లో ఎవడో అంకెలు చదువుతున్నాడు, నువ్వు వణుకుతున్నావు, అదీ సరే. ఆ నల్ల పట్టా ఏంటని అడుగుతున్నా. బెల్టా? ఎవరు పెట్టుకోమన్నారు, మీ కోచ్ చెప్పాడా? లేదా, నడుం పట్టేస్తోందని నువ్వే కొనుక్కున్నావా. ఊఁ. ఇంతకీ ఈ కుస్తీ అంతా దేనికి? కోరా? కోర్ అంటే ఏంటే, కోరికలాంటిదా? నవ్వకు, నాకేం తెలుసు. పొట్టా, నడుమూ, వీపు కిందా, పక్కలూ, అన్నీ కలిపి కోర్ అంటారా. మిలిటరీ వాళ్ళు ముందు అదే చూస్తారా. మా రోజుల్లో దాన్ని నడుము అనేవాళ్ళు. ఒక్క మాటతో ఐపోయేది. ఆ ఒక్క మాటతోనే ఐపోయింది మా తమ్ముడి పని కూడా. కూర్చో, చెమట తుడుచుకో. ముందు ఆ ఫోన్లో వాడి నోరు మూయించు.

నువ్వు వాణ్ణి చూడలేదు. మీ అమ్మకి మేనమామ. మీ అమ్మకి కూడా లీలగానే గుర్తుంటాడు, వీపు మీద బస్తాతో వీధిలో పోతుంటే అది అరుగు మీంచి మామా అని అరిచేది, వాడు తల తిప్పలేడు కదా, కింద రెండు వేళ్ళు ఆడించి పోయేవాడు. ఆ వేళ్ళు గుర్తున్నాయంటుంది మీ అమ్మ. మొహం గుర్తులేదట. ఏం చేస్తాం, వాడు మొహం చూపించుకుని తిరిగిన మనిషి కాదు, అంటే తర్వాత తర్వాత. అంతకుముందు ఎలా ఉండేవాడనుకున్నావ్. తెల్లవారుతుంటే వీధి ఈ చివర్నుంచి ఆ చివరకి పరిగెత్తేవాడు, మంచు పట్టి దీపస్తంభాలే కనిపించని వేళ, ముందు చప్పుడు వచ్చేది, తర్వాత వాడొచ్చేవాడు. మంచులోంచి ఎవరో వాణ్ణి అప్పుడే తయారుచేసి పంపినట్టుండేది. నేను చీపురు పట్టుకుని అలా నిలబడిపోయేదాన్ని. మనసులో వాడికి టోపీ పెట్టేదాన్ని, బూట్లు తొడిగేదాన్ని, గుండీలు కూడా నేనే కుట్టేదాన్ని. ఎదురింటి మేడ మీద ఒక పిల్ల ఉండేది, గడియారాలు బాగుచేసే ఆయన కూతురు. సరిగ్గా ఆ టైముకే దానికి జుట్టు చిక్కు తీసుకోవాలనిపించేది. అంత చలిలో. గడియారాల వాళ్ళమ్మాయి కదా, టైము తప్పేది కాదు. సర్లే, దాని సంగతి వదిలెయ్.

మా నాన్న బస్తాలు మోసేవాడు. రైలు పెట్టెలోంచి గోదాములోకి, గోదాములోంచి లారీలోకి, ఒక్కోసారి వీధిలో కొట్లకి. ముఠా మొత్తంలో ఆయనే పొట్టి, ఆయనే గట్టి. అమ్మ మా చిన్నప్పుడే పోయింది, ఇల్లంతా ఒకటే పొడుగ్గది, ఈ కొసని తలుపు, ఆ కొసని ఊచల కిటికీ, మధ్యలో మేం ముగ్గురం. నాన్న పొద్దున్న లేచి చేసే మొదటి పని నడుం కట్టుకోవడం. బెల్టు కాదు. ముతక నేత గుడ్డ, జానెడు వెడల్పు, పొడుగంటావా, ఈ గోడనుంచి ఆ గోడ దాకా పరిచినా ఇంకా మిగిలేది. ఏళ్ళ తరబడి చెమట తాగీ తాగీ తోలులాగా అయింది. దాని ఒక కొస కిటికీ ఊచకి ముడేసి, రెండో కొస పొట్టకి ఆనించుకుని, గదిలో ఆ చివర్నుంచి గిరగిరా తిరుగుతూ వచ్చేవాడు. బొంగరానికి తాడు చుడతాం చూడు, ఇక్కడ తాడు నిలబడేది, బొంగరం తిరిగి చుట్టుకునేది. తిరిగి తిరిగి కిటికీ దగ్గరకి వచ్చేసరికి నాన్న మనిషి కాదు, స్తంభం. వేలుతో కొడితే టక్ మనేది. అది కట్టుకుంటే ఎంత బరువైనా నడుం విరగదు, వెన్ను జారదు. ముఠాలో అందరికీ ఉండేవి అలాంటివి. కొత్తవాడు పనికొస్తే మేస్త్రీ బస్తా చూపించడు, ముందు నడుం కట్టావా అని అడుగుతాడు. కట్టలేదంటే ఇంటికి పంపించేస్తాడు. ఆ మాట మా ఇంట్లో అన్నం తిన్నావా అన్నంత మామూలు మాట. అది గుర్తు పెట్టుకో.

మా వాడికి మిలిటరీ పిచ్చి ఎక్కడ పట్టుకుందో తెలియదు. గోదాము పక్క పట్టాల మీద సైనికుల రైలు ఆగినప్పుడు చూశాడేమో. కానీ లోపల ఇంకోటుంది, అది నాకొక్కదానికే చెప్పాడు. నాన్న అప్పటికే వంగి లేస్తుంటే గోడ పట్టుకుంటున్నాడు. అక్కా, నాకు ఉద్యోగం వస్తే నాన్న చేత కట్టు విప్పించేస్తానే అన్నాడు. అదీ వాడి కోరిక. నీ కోర్ లాంటిది కాదు. ఆ ఏడు దాటితే వాడికి వయసు దాటిపోతుంది, మళ్ళీ తీసుకోరు. అందుకని హవల్దారు దగ్గర చేరాడు.

హవల్దారంటే మిలిటరీలో రిటైరై వచ్చినాయన. మీసం మెలేసి, మెళ్ళో ఈల వేసుకుని, బడి మైదానంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. లేవడు. ఈలతోనే అన్నీ. ఒక ఈలకి పరుగు, రెండు ఈలలకి దండీలు, మూడో ఈలకి పిల్లలంతా పోయి ఆయనగారి పెరట్లో మొక్కలకి నీళ్ళు పొయ్యాలి. మొక్కలు బ్రహ్మాండంగా ఉండేవిలే. మాట్లాడితే గొంతు ఇలా గొట్టంలోంచి వచ్చేది. “చేతులుంటే చాలదురా, కాళ్ళుంటే చాలదురా. నడుం లేనివాడు జవాను కాడు. ముందు నడుం కట్టండి. అది ఇంటి దగ్గర చేసుకు రావాల్సిన పని, ఇక్కడ నాకు టైము లేదు.” అంతే. ఎలా అని ఎవడైనా అడిగితే ఈల. మిగతా పిల్లలకి అన్నయ్యో బాబాయో ఎవరో ఒకరు ముందు పోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఇళ్ళల్లో పడుకోబెట్టి చూపించారు, ఇదిగో నువ్వు ఇప్పుడు చేశావే, ఇలాంటివే, కాళ్ళెత్తి ఆపడాలూ, బల్లలా నిలబడడాలూ. మా వాడికి చూపించేవాళ్ళెవరు? మా ఇంట్లో నడుం సంగతి తెలిసినవాడు నాన్న ఒక్కడే.

ఆ రోజు వాడొచ్చి చెప్పాడు. ఏమన్నాడ్రా హవల్దారు అంటే, నడుం కట్టుకు రమ్మన్నాడు నాన్నా అన్నాడు. అప్పుడు చూడాల్సింది మా నాన్న మొహం. అంతదాకా కొడుకు ఏదో పెద్దవాళ్ళ లోకంలోకి పోతున్నాడు, మనకేం తెలుస్తుంది అని ఒక మూల ముడుచుకుని కూర్చునేవాడు. ఈ మాట వినగానే తలెత్తాడు. “చూశావా. ఎక్కడికెళ్ళినా ముందు నడుమే. మిలిటరీ అయితే మాత్రం, మోసేది బరువే కదా. తుపాకీ ఏమన్నా గాలికి తేలుతుందా?” అని లేచి, అప్పుడే పనినుంచి వచ్చాడేమో, వంటి మీదున్న కట్టు విప్పేశాడు. వేడి వేడిగా ఉందే గుడ్డ. అది తీసుకెళ్ళి వాడి పొట్టకి ఆనించాడు. ఊచకి కట్టనివ్వలేదు. కొస తనే రెండు చేతుల్తో పట్టుకుని, కాళ్ళు నేలకి తన్నిపెట్టి, వెనక్కి వాలి, “ఊపిరి వదిలెయ్. ఇంకా. ఇంక లేదన్నంత వదిలెయ్. ఇప్పుడు తిరుగు” అన్నాడు. వాడు తిరిగాడు. ఆ పొడుగ్గదిలో తలుపు దగ్గర్నుంచి తిరుగుతూ తిరుగుతూ వచ్చి నాన్న చేతుల్లో ఆగాడు. ఇద్దరి ముక్కులూ ఎదురెదురు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. అంత బాగున్నారే ఆ నిమిషం. ఆ మర్నాటినుంచి రోజూ అదే. గోదాములో ఈ సంగతి తెలిసి ముఠా వాళ్ళు వాడికి బొంగరం అని పేరు పెట్టారు. ఏరా బొంగరం, మిలిటరీలో నిన్ను తిప్పి శత్రువు మీదకి వదులుతారటగా అని ఏడిపించేవాళ్ళు.

నీకర్థమైందా ఏం జరిగిందో. హవల్దారు కట్టమన్నది ఇల్లు కట్టినట్టు. రోజూ కొంచెం కొంచెంగా, ఇటుక మీద ఇటుక పెట్టి. మా వాళ్ళకి తెలిసింది కట్టు కట్టడం. రెండూ కట్టడమే. ఆయన కుర్చీలోంచి లేచి, నేల మీద పడుకుని, ఇదిరా నడుం కట్టడమంటే అని ఒక్కసారి చూపించి ఉంటే? ఆయన చొక్కాకి మట్టంటుకునేది. అంతకన్నా ఏం పోయేది చెప్పు.

అదొక్కటే అయితే సరిపోయేది, ఇంకోటి కూడా జరిగింది. ఒక రోజు ఆయనగారికి ఏం పుట్టిందో, కుర్చీలోంచి లేచి వరసలో పిల్లల పొట్టలు తట్టి చూస్తున్నాడట, పుచ్చకాయలు ఏరుకుంటున్నట్టు. ఒక్కొక్కణ్ణీ తిడుతున్నాడు, నీది పిండిముద్ద, నీది దూదిమూట అని. మా వాడి దగ్గరకొచ్చి చొక్కా మీంచి తట్టాడు. టక్. మళ్ళీ తట్టాడు. టక్. “శభాష్. నడుం కట్టడమంటే ఇదిరా. చూసి నేర్చుకోండి” అన్నాడు. చొక్కా ఎత్తి చూడలేదు. మా వాడు కట్టు గట్టిగా కట్టినందుకు మెచ్చుకున్నాడనుకున్నాడు. ఆయన కండ గట్టిపడిందని మెచ్చుకున్నాడు. ఇద్దరూ సంతోషమే. ఇంటికొచ్చి చెప్తే నాన్న ఆ సాయంత్రం ఉన్నచోట ఉండలేదు. మా కట్టు చూసి హవల్దారే శభాషన్నాడట అని గోదాము అంతా చెప్పుకొచ్చాడు. నాన్నని ఎవరైనా శభాషనడం నేనెప్పుడూ వినలేదు. ఆ మాట కొడుక్కి వచ్చింది కానీ తనే కట్టుకుని తిరిగాడు.

మరి నాన్న ఏం కట్టుకుంటున్నాడు అని అడగవేం? అడగాలి. అమ్మ పాత చీర చింపి కట్టుకున్నాడు. మెత్తటి చీర, అది బరువుకి ఆగుతుందా? జారిపోతుంది. కొత్త గుడ్డ నేయించుకోవచ్చు కదా నాన్నా అంటే, కొత్తది వంటికి అలవాటు పడేలోపు వీడు బూట్లేసుకుంటాడులే అన్నాడు. ఒక మధ్యాహ్నం బస్తాతో లారీ మీదకి పోతూ పోతూ, ఎక్కడానికి వేసిన బల్ల మీద ఆగిపోయాడట. ముందుకీ రాలేడు, వెనక్కీ పోలేడు. ఇద్దరు పట్టుకుని దింపారు. వెన్ను జారింది. ఇంటికి మాత్రం నడిచే వచ్చాడు, తమ్ముడు చూస్తాడని. వీడి పరీక్షలయ్యేదాకా చెప్పొద్దే అని నా గడ్డం పట్టుకున్నాడు. రోజూ పొద్దున్న వీడి కట్టు కొస పట్టుకుని వెనక్కి వాలినప్పుడు ఆయన పెదవి కొరుక్కోవడం నేను చూసేదాన్ని. వీడు తిరుగుతూ ఉండేవాడు కదా, వీడికి కనపడేది కాదు.

ఎంపిక రోజు నాన్న కూడా వెళ్ళాడు. మైదానం గోడ పక్కన, అంతమంది చూస్తుండగా, కొస పట్టుకుని నిలబడ్డాడట. మా వాడు సిగ్గుపడలేదు. తిరిగాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు చప్పట్లు కొట్టి నవ్వారట, ఏదో సర్కస్ వాళ్ళు వచ్చారని. నాన్న గేటు బయట ఉండిపోయాడు, వీడు లోపలికెళ్ళాడు. పరుగులో వాడికి ఎదురేముంది, ముందు వరసలో వచ్చాడు. తర్వాత అందరూ చొక్కాలు విప్పండి, నిక్కరు తప్ప వంటి మీద నూలుపోగు ఉండకూడదన్నారు. వీడు చొక్కా విప్పాడు. రాసుకునే ఆయన కలం ఆపాడట. “ఏంట్రా అది? పురిటి మంచం మీంచి లేచొచ్చావా? మగపిల్లాడా, ఆడపిల్లా?” అన్నాడు. వరస వరసంతా నవ్వు. విప్పు అన్నారు. ఎవరు విప్పుతారు, పట్టుకునేవాళ్ళు లేరు. ఒక్కడే, అంతమంది మధ్యలో, వెనక్కి వెనక్కి తిరుగుతూ విప్పుకున్నాడు. ఆ గుడ్డంతా కాళ్ళ దగ్గర కుప్పగా పడింది.

విప్పాక తెలిసింది వాడికి. అక్కా, నా పైసగం కిందసగం వేరువేరు మనుషులవి అన్నట్టనిపించిందే అన్నాడు. అన్నాళ్ళూ నడుం పని గుడ్డే చేసింది. పరుగెత్తినా, వంగినా, దండీలు తీసినా లోపలున్న నడుం హాయిగా పడుకుని నిద్రపోయింది. దానికి లేవాల్సిన అవసరమే రాలేదు. దూలం పట్టుకుని వేలాడి కాళ్ళెత్తమన్నారు, చేతులు లాగుతున్నాయి, కాళ్ళు లేవట్లేదు, ఒళ్ళు తడిబట్టలా ఊగుతోంది. తర్వాత నేల మీద బల్లలా నిలబడమన్నారు. ఇదే, నువ్వు చేసిందే. పిండిముద్ద అని తిట్లు తిన్నవాడు, పాలవాడి కొడుకు, వీడి పక్కనే ఉన్నాడు. వాడు రాయిలా నిలబడ్డాడు. మా వాడి పొట్ట నేలకి జారిపోయింది. లేచాడు, జారిపోయింది. లేచాడు, నడుం పట్టేసింది. రాసుకునే ఆయన నెక్స్ట్ అన్నాడు.

గేటు బయట నాన్న. మొహం చూడగానే అర్థమైంది కానీ, అడగాలి కదా. ఏమైందిరా? ఆ గుడ్డ చంకలో పెట్టుకుని గేటు దాకా నడిచినంతసేపే వాడికి ఆలోచించుకునే టైము. నిజం చెప్తే ఏం చెప్పాలి? నాన్నా, నువ్వు కట్టిన కట్టే నన్ను ముంచింది అని చెప్పాలి. వాడి నోట ఆ మాట ఎలా వస్తుంది. ఎత్తు చాలలేదన్నారు నాన్నా అనేశాడు. ఒక వేలెడు తక్కువన్నారట. ఎవరి తప్పూ కాని తప్పు ఏదంటే అదే తోచిందట వాడికి. కానీ ఎవరికి చెప్తున్నాడు? ముఠా మొత్తంలో పొట్టివాడికి. నాన్న ఇంటికొచ్చాక వాణ్ణి తలుపు చట్టానికి ఆనించి నిలబెట్టి, నెత్తి మీద అరచెయ్యి పెట్టి బొగ్గుతో గీత గీశాడు. ఆ గీత పక్కన తను నిలబడి చూసుకున్నాడు. “నా పొట్టితనం నీకు పెట్టానురా. మీ అమ్మ పొడుగే” అన్నాడు. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు వాడు హవల్దారు ఇంటికి బయల్దేరితే నేనూ వెనకే వెళ్ళాను, ఏమైనా చేసుకుంటాడేమోనని భయం. ఆయన వరండాలో టీ తాగుతున్నాడు. వీడు ఉన్నదున్నట్టు చెప్పాడు, మీరు కట్టమన్నట్టే కట్టాను కదండీ, మీరే శభాషన్నారు కదండీ అని. ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టాడు. టీ ఒలికింది, మీసానికి అంటింది, ఈల ఎగిరెగిరి పడుతోంది. “కట్టు కట్టావా? ఓరి నీ తెలివి తెల్లారా. నేను కట్టమంది నడుంరా, కట్టు కాదు. మీ నాన్న పట్టుకుంటే నువ్వు బొంగరంలా తిరిగావా రోజూ?” అని లోపలున్న భార్యని కూడా పిలిచి చెప్పాడు. ఆవిడ నవ్వలేదు, కొంగు మూతికడ్డం పెట్టుకుని లోపలికెళ్ళింది. మా వాడు అన్నీ పడ్డాడు. చివర్లో ఒక్కటే అడిగాడు. ఈ సంగతి మా నాన్నకి తెలియనివ్వకండి బాబూ అన్నాడు. ఛ ఛ, నాకేం పని, నేనెందుకు చెప్తానురా అన్నాడాయన, కళ్ళు తుడుచుకుంటూ.

తర్వాత ఏముంది. నాన్న వెన్ను సంగతి దాగలేదు, మంచమెక్కాడు. వీడు ఆ గుడ్డే కట్టుకుని గోదాముకి పోయాడు. విప్పించేస్తానన్న కట్టు తనే కట్టుకున్నాడు. బస్తా మోసేటప్పుడు నెత్తిమీంచి గోనెపట్టా వేసుకుంటారు కదా, మిగతావాళ్ళు వీపుకి వేసుకుంటే వీడు కళ్ళ దాకా లాక్కునేవాడు, మన వీధిలోకి రాగానే ఇంకొంచెం కిందకి. మేడ మీద పిల్ల జుట్టు చిక్కు మధ్యాహ్నం ఎండలో తీసుకోవడం మొదలుపెట్టింది. ఎవరు చూడాలని, ఎవరు చూడకూడదని, ఏమో. నాన్న మాత్రం కొంచెం తేరుకుని గోడ పట్టుకుని లేవగలిగిన రోజునుంచి మళ్ళీ పొద్దున్నే కొస పట్టుకునేవాడు. అదొక్కటీ తను చేయగలిగిన పని. అప్పటికి వాళ్ళిద్దరి మధ్యా మాటలేం మిగల్లేదు, ఆ గుడ్డ ఒక్కటే. ఈయన వెనక్కి వాలేవాడు, వాడు తిరిగి తిరిగి వచ్చి ఆయన ముక్కుకెదురుగా ఆగేవాడు, నవ్వు లేదు గానీ, ఒక్క క్షణం ఆగేవాడు.

హవల్దారు మాట తప్పలేదు. నాన్నకి చెప్పలేదు. మిగతా ఊరందరికీ చెప్పాడు. పేరు చెప్పలేదులే, అంతవరకు పెద్దమనిషే. కొత్త పిల్లలు చేరినప్పుడల్లా ఇదే కథ. వెనకటికి ఒక వెర్రివాడుండేవాడురా, వాడికొక వెర్రి తండ్రి ఉండేవాడురా అని. వాళ్ళు నవ్వుకుని ఇళ్ళల్లో చెప్పుకున్నారు, ఇళ్ళల్లోంచి బజార్లోకి వచ్చింది, బజార్లోంచి టీ కొట్టుకి వచ్చింది. మా గోదాము వాళ్ళకి తెలుసు అది ఎవరి సంగతో. వాళ్ళెవరూ నాన్న ముందు ఎత్తలేదు. కానీ టీ కొట్టుకి వచ్చే లారీ డ్రైవర్లకి ఏం తెలుసు?

ఒక మధ్యాహ్నం మేం అన్నం తింటున్నాం. నాన్న టీ కొట్టునుంచి వచ్చాడు, కర్ర పక్కన పెట్టి, వస్తూనే నవ్వుతున్నాడు. నాన్న నవ్వి ఎన్నాళ్ళయిందో. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. “ఒరే, ఇవాళ ఒక డ్రైవరు ఒక జోకు చెప్పాడ్రా. కడుపు చెక్కలైపోయింది. ఎవడో కుర్రాడు మిలిటరీకి పోదామనుకున్నాడట. నేర్పేవాడు నడుం కట్టమన్నాడట” అన్నాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తమ్ముడు తల ఎత్తలేదు, కలుపుతూనే ఉన్నాడు, కలిపిందే కలుపుతున్నాడు. నాన్న ఊపు మీదున్నాడు. “వాళ్ళ నాన్న ఒకడు, వాడు పెద్ద వెర్రి... గుడ్డ తెచ్చాడట, ఇంత పొడుగు. ఆ నాన్నగారు ఇలా కొస పట్టుకుని” అని లేచి నిలబడి, అలా పట్టుకుంటే ఎలా ఉంటుందో చూపిస్తూ, రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి, వెనక్కి వాలాడు. “ఆ కుర్రాడేమో ఇలా బొంగరంలా...”

అక్కడ ఆగాడు.

చేతులు అలాగే ఉన్నాయి. గుడ్డ లేదు, పిడికిళ్ళున్నాయి. వాటిని చూసుకున్నాడు. తలుపు చట్టం మీద బొగ్గు గీతని చూశాడు. తమ్ముణ్ణి చూశాడు. తర్వాత చేతులు దింపి, “... తిరిగేవాడట. పరీక్షలో గుడ్డ విప్పమంటే పొట్ట జారిపోయిందట. అదీ జోకు” అన్నాడు. మళ్ళీ నవ్వాడు. తమ్ముడు కూడా నవ్వాడు. “బాగుంది నాన్నా” అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఎంత నవ్వారో. నేను కంచాలు తీసుకుని బయటికెళ్ళిపోయాను.

ఆ తర్వాత ఎత్తు సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆ గీత ఎవరు చెరిపారో, చట్టం మీద తడిగుడ్డ పెట్టి రుద్దిన మరక మిగిలింది. మర్నాడు పొద్దున్న తమ్ముడు గుడ్డ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు, ఎప్పటిలాగే. నాన్న మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవట్లేదు, వీపు చూస్తే తెలుస్తుంది కదా. వాడు నాన్నా అని పిలవలేదు. పోయి కొస కిటికీ ఊచకి ముడేసుకున్నాడు. నాన్న బతికున్నన్నాళ్ళూ ఇంక ఆ గుడ్డ ముట్టుకోలేదు. వాడు పోయేదాకా ఆ ఊచకే కట్టుకున్నాడు, తిరిగి తిరిగి వచ్చి ఆ కిటికీ ముందు ఆగేవాడు, ఎదురుగా ఎవరూ ఉండరు, ఆవల వీధి. మధ్యలో ఊచ ఒకటి లోపలికి వంగిపోయి ఉండేది. ఇల్లు అమ్మినప్పుడు కొన్నాయన అడిగాడు, ఇదేంటండీ, దొంగలేమన్నా పడ్డారా అని. నేను...

ఏమే, కుక్కరు ఎన్ని కూతలు కూసింది? లెక్కపెట్టలేదా. పో, పోయి స్టవ్ కట్టెయ్. ఆ పట్టా ఇలా నాకిచ్చి పో.